వలిసె పూసిన కొండకి, నూకత్త నేస్తం ఇంటికి

శ్రీకాకుళంలో ఒక ఫోటో స్టూడియోలో నాకు పెళ్లి ఆల్బమ్‌లు తయారు చేసే పని. పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ మండపంలోంచి కత్తిరించి, వాళ్లు అడిగిన చోట నిలబెట్టాలి. ఎక్కువమంది అడిగేది ఒకటే చోటు. దారికి రెండు పక్కలా ఎర్రగా, నారింజ రంగులో మండిపోయే చెట్లు, కింద మడమలు మునిగేంత రాలిన ఆకులు. అది ఏ దేశమో నాకు తెలీదు. నరసన్నపేట జంటలూ టెక్కలి జంటలూ నా చేతుల మీదుగా అక్కడికి వెళ్లొచ్చేశారు. వాళ్లని పంపుతూ పంపుతూ నాకూ ఒక కోరిక పుట్టింది. ఆకు రంగు మారిన కొండని ఒక్కసారి కళ్లతో చూడాలి.

"సాలూరు దాటి వెళ్లండి మేడమ్, కార్తీకంలో కొండలన్నీ పచ్చగా అయిపోతాయి" అన్నాడు మాకు ఆల్బమ్‌లు బైండింగ్ చేసే ఆయన. కొండలు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి కదా అన్నాను. "ఆకుపచ్చ కాదు, పసుపుపచ్చ. వలిసె పూలు, నూనెగింజల పంట" అన్నాడు.

స్టూడియోలో ఆరుగురం కలిసి ప్రయాణం అనుకున్నాం. ఫోన్లో గ్రూపు పెట్టాం. ఎక్కడ ఎక్కాలి, ఏం తినాలి, జలగలకి ఏం రాసుకోవాలి అని నెల రోజులు మాట్లాడుకున్నాం. నేను కొండలెక్కే బూట్లు కూడా కొన్నాను. దసరా వెళ్లేసరికి ఒకరికి చుట్టాలు, ఒకరికి జ్వరం, ఒకరికి పెళ్లి ఆర్డరు. మిగిలింది నేనూ నా బూట్లూ.

అప్పుడే మా నూకత్త ఇంటికొచ్చింది. నూకాలమ్మ మా నాన్నకి అక్క. కళింగపట్నం దగ్గర మా పల్లెలో చేపలు ఎండబెట్టి, గంపకెత్తుకుని సాలూరు అవతల కొండ కింద సంతలో అమ్ముతుంది. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన బేరం, ఇప్పుడు మనవలు ఎత్తే వయసు వచ్చినా మానలేదు. నేను బూట్లు పెట్టెలో సర్దేస్తుంటే చూసి విషయం అడిగింది.

"కొండ సూడ్డానికి ఆరుగురెందుకే? నాను ఎల్తన్నాను, నాతో రా."

"సంతకా అత్తా?"

"సంతకి. ఆ మీదట కొండ పైకి. మా నేస్తం ఇంటికి."

ఇన్నేళ్లలో అత్త కొండ కింద సంత దాకానే గానీ ఒక్కసారి కూడా పైకెక్కలేదని నాకు తెలుసు. ఇప్పుడెందుకని అడిగితే, "నేస్తం రెండు నెల్లై సంతకి రాటం లేదు" అని మాత్రం చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం వైపు చూడలేదు.

నేస్తం అంటే మా వైపు ఉత్త స్నేహం కాదు, అది తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇద్దరు ఆడవాళ్లు పదిమందిలో పూలు మార్చుకుని నేస్తం కట్టుకుంటే, ఆనాటి నుంచి వాళ్లు రక్తసంబంధం కంటే ఒక మెట్టు ఎక్కువ. ఒకరింట్లో చావు జరిగితే రెండో ఇంట్లో మైల పడతారు. ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, ఇంకొకరి ముందు కూడా ఆ పేరు పలకరు. మా అత్తా, కొండ మీది ఆ నేస్తమూ ఒక సంత రోజున ఒకే రంగు చీర కట్టుకొచ్చారట. అది చూసి నవ్వుకుని, ఆ రోజే నేస్తం కట్టేసుకున్నారట.

సాలూరు, రంగులేసే వీధి

బస్సులో ఆడవాళ్లకి ఇప్పుడు జీరో టిక్కెట్టు, ఉచితం, కాబట్టి సీటు కూడా లేదు. రాజాం దాకా నిలబడే వెళ్లాం. అత్త చేపల గంపని టాపు మీదకి ఎక్కించి, ఇంకొక చిన్న మూటని మాత్రం ఒళ్లోనే పెట్టుకుంది. ఆ మూటలోంచి వాసన వస్తోందని పక్కావిడ ముక్కు మూసుకుంటే, "అమ్మా, ఇంట్లో వండితే గిన్నె నాకుతారు, బస్సులో అయితే ముక్కు మూస్తారు" అంది. పక్కావిడ నవ్వేసి, ఎండు రొయ్యలు ఎక్కడ మంచివి దొరుకుతాయో అడిగి తెలుసుకుంది.

సాలూరులో నా కొత్త బూట్లు నా మీద పగ తీర్చుకున్నాయి. బస్సు కాంప్లెక్సు నుంచి మేం ఆ రాత్రి దిగాల్సిన ఇంటికి నడిచేలోపు రెండు మడమలూ ఒలిచేశాయి. దారిలో లారీ షెడ్లు వరసగా ఉన్నాయి. కొత్తగా బాడీ కట్టిన లారీకి ఒకాయన రంగు వేస్తున్నాడు. నేను ఆయన అరుగు మీద కూలబడి బూట్లు విప్పేశాను.

ఆయన లారీ వెనక తలుపు మీద చిలకని వేస్తున్నాడు. ముక్కుకి ఎరుపు కలుపుతూ ఒక చుక్క పసుపు, ఒక చుక్క నలుపు వేసి కర్రతో తిప్పుతున్నాడు. నేను రోజంతా చేసే పని అదే, కాకపోతే నా రంగులు కంప్యూటరులో అంకెలు. ఈ ఎరుపుని ఏమంటారని అడిగాను.

"మిరపపండు. ఇంకాస్త నలుపెడితే ఎండుమిరప."

"మరి వలిసె పూల పసుపో?"

ఆయన కుంచె ఆపి ఆలోచించాడు. "అది నా డబ్బాల్లో లేదమ్మా. ఎల్తన్నారేటి? ఎల్లండి, ఇప్పుడే పూసింది."

పక్క కొట్లో రబ్బరు చెప్పులు కొనుక్కుని, బూట్లు సంచిలో వేశాను. ఆ ప్రయాణంలో అవి మళ్లీ బయటికి రాలేదు.

అత్త ఎప్పుడూ దిగేది పైడమ్మ అనే సాటి బేరగత్తె ఇంట్లో. పెసర పునుకులు వేడివేడిగా వేసి పెట్టింది పైడమ్మ. మా ఊళ్లో పునుకులకి ఉల్లిపాయ కారం నంజుకుంటాం, అక్కడ చింతపండు పులుసులో ముంచి తిన్నారు. నాకు అదే నచ్చింది. తింటూంటే పైడమ్మ అత్తనడిగింది.

"కొండెక్కుతానన్నావు. ఎందుకెక్కుతన్నావో ఈ పిల్లకి సెప్పినావేటే?"

"పునుకులు మాడిపోతన్నాయి, సూసుకో" అంది అత్త.

పునుకులేమీ మాడిపోవడం లేదు.

కొండ కింద సంత

సంత తెల్లారేసరికే నిండిపోయింది. కొండ ఆడవాళ్లు తలల మీద తట్టలతో దిగుతున్నారు. అల్లం, పచ్చి పసుపు, అరటి గెలలు, పగలడానికి సిద్ధంగా ఉన్న సీతాఫలాలు. ఒక తట్ట సీతాఫలాలు నూటయాభైకి ఇచ్చారు. శ్రీకాకుళంలో ఆ డబ్బుకి లెక్కపెట్టి ఇస్తారు.

మా ఊరి రేవులో చేపల బేరమంటే పోట్లాటలాగే ఉంటుంది. కొనేవాళ్లూ అరుస్తారు, అమ్మేవాళ్లూ అరుస్తారు. ఇక్కడ అలా కాదు. ఒకామె వచ్చి గంప ముందు కూర్చుంటుంది. ఒక ఎండు చేపని తీసి, వాసన చూసి, మళ్లీ అక్కడే పెడుతుంది. ఇంకొకటి తీస్తుంది. చాలాసేపటికి "సుకువా ఎలగ?" అంటుంది. ఒడిశా హద్దు దగ్గర కదా, ఎండు చేపని సుకువా అంటారు. అత్త ధర చెబితే ఆమె ఏమీ అనకుండా మళ్లీ వాసన చూస్తుంది. అత్త కూడా తొందరపడదు. నేను మధ్యలో కల్పించుకుని ఒక పది తగ్గించబోతే అత్త నా తొడ మీద గిల్లింది.

కార్తీకమాసంలో కింద ఊళ్లలో చేపలకి గిరాకీ ఉండదు. అత్త కూడా కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటుంది, నక్షత్రం చూశాకే తింటుంది, ఆ నెలంతా నీసు ముట్టదు. చేపలమ్మే మనిషికి అదేం నియమం అని మా ఇంట్లో అందరూ నవ్వుతారు. మా మామ సముద్రంలో తుఫానుకి చిక్కి బతికి వచ్చిన ఏడాది మొక్కుకుందట. ఆయన పోయి చాలా ఏళ్లయింది, మొక్కు మాత్రం అత్త వదల్లేదు.

బేరం చేస్తూనే అత్త కళ్లు దారి మీద ఉన్నాయి. ఏ జీపు ఆగినా దిగేవాళ్లని చివరి మనిషి దాకా చూస్తోంది. ఒళ్లో మూట విప్పి నేను అందులోంచి అమ్మబోతే చెయ్యి పట్టుకుంది.

"అవి అమ్మకానికి కాదు. మా నేస్తానికి."

గంప ఖాళీ అయింది. నేస్తం రాలేదు.

ముగ్గురు సుకిరిలు

పైకి వెళ్లే జీపులో మనుషులు, మేకలు, ఒక సిమెంటు రేకుల కట్ట. డ్రైవరు ఏ ఊరని అడిగితే అత్త చెప్పింది. ఎవరింటికని అడిగాడు.

"మా నేస్తం ఇంటికి."

"పేరేటమ్మా?"

నేను అత్త వైపు చూశాను. నాకూ ఆమె పేరు తెలీదు. చిన్నప్పటి నుంచీ అత్త నోట 'నేస్తం' తప్ప ఇంకో మాట వినలేదు.

"అత్తా, పేరు తెలియకుండా ఎలా వెతుకుతాం?"

"నాను పలకను."

"పోనీ నా చెవిలో చెప్పు."

"సెవిలో అయితే మాత్రం నోరే కదే."

జీపంతా మా వైపు తిరిగింది. ఒకావిడ నవ్వుతూ, అక్కని పిలిచినట్టు, "అప్పా, పలకొద్దులే, గుర్తు సెప్పు" అంది. అత్త వేళ్ల మీద వారాలు లెక్కపెట్టి, "శనివారానికి ముందురోజు" అంది.

"సుకిరి!" అని జీపులో నలుగురు ఒకేసారి అరిచారు. కొండ మీద పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టడం ఇంకా ఉంది. శుక్రవారం పుట్టిన పిల్ల సుకిరి. అత్త చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డ్రైవరు పెద్దగా నిట్టూర్చాడు. "ఆ ఊల్లో ముగ్గురు సుకిరిలు ఉన్నారమ్మా."

మొదటి సుకిరి చెవులు వినపడని ముసలావిడ. మమ్మల్ని ఆరోగ్యం పరీక్షించడానికి వచ్చిన వాళ్లనుకుని నాలుక బయట పెట్టి చూపించింది. రెండో సుకిరికి ఇరవై ఏళ్లుంటాయి, మమ్మల్ని చూసి నవ్వు ఆపుకోలేక ఇంట్లోకి పారిపోయింది. మూడో ఇంటి ముందు అత్త ఆగిపోయింది. గుమ్మానికి తోరణంలా మొక్కజొన్న కంకులు వేలాడుతున్నాయి. మా పల్లెలో తాళ్లకి చేపలు వేలాడదీసినట్టే.

లోపలి నుంచి ఒక కోడలు వచ్చింది. చంకలో ఏడాదిన్నర పాప.

"మా అత్త పై సేలో ఉన్నాది. సామకి కాపలా. కోత అయిందాకా దిగదు" అంది. మేం ఎవరమో చెప్పగానే ఆమె మొహం మారింది. నీళ్లు ఇచ్చింది గానీ కూర్చోమనలేదు. అంతకు ముందు రెండు ఇళ్లలోనూ మాకు కాళ్లు కడుక్కోవడానికి చెంబు ఇచ్చారు, ఈ ఇంట్లో ఇవ్వలేదు. పాప నా వైపు చేతులు చాపితే కోడలు వెనక్కి తిరిగింది.

అత్త వెళ్లి అరుగు చివర కూర్చుంది. నాకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చిన మనిషికి ఇదా మర్యాద అనుకున్నాను. అప్పుడే పొద్దు కొండ వెనక్కి వాలుతోంది. తలెత్తి చూస్తే ఊరి మీది వాలు మొత్తం పసుపు. ఆరేసిన చీరలా ఒక చోట కాదు, కొండ అంచు దాకా, మడత మడతకీ పూసి ఉంది. నేను అన్నాళ్లు కలలు కన్నది అదే. ఫోన్ తీశాను. పక్కన అత్త మొహం చూసి మళ్లీ లోపల పెట్టేశాను.

సామ చేను దాకా

ఆ రాత్రి ఆ అరుగు మీదే పడుకున్నాం. మర్నాడు సోమవారం. అత్త చీకటితోనే చన్నీళ్లు పోసుకుని, ఏమీ తినకుండా మూట పట్టుకుని బయల్దేరింది. కోడలు దారి మాత్రం చూపించింది.

కొండ దారిలో నేను అడుగడుక్కీ ఆగాను, చూడ్డానికి. చోడి, అదే రాగి, వెన్నులు ఇటుక రంగులో వంగి ఉన్నాయి. కోసిన చోట మోళ్లు తెల్లగా, కోయని చోట సామ బంగారం రంగులో. కందిపూలు పసుపులో ఎర్ర గీతలతో. ఆ మధ్య మధ్యలో వలిసె నడుం ఎత్తున, తేనెటీగల రొదతో. దగ్గరికి వెళితే పచ్చి నూనె వాసన వేసింది. ఇక్కడ రంగు మారేది చెట్లకి కాదు, చేలకి. అడవి మాత్రం ముదురు ఆకుపచ్చగా అలాగే నిలబడి ఉంది. ఆ సంగతి నెల రోజుల మా ప్లానింగులో ఒక్కరికీ తోచలేదు.

అత్త ఆగింది కూడా, అయితే చూడ్డానికి కాదు. సముద్రం ఒడ్డున ఎంత దూరమైనా నడిచే మనిషి ఎత్తుకి రొప్పిపోయింది. వెనక్కి తిరిగి లోయ చూసి, "ఓలమ్మో" అని ఒక రాయిని కౌగలించుకుంది. ఆ రాయి మీదే కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. ఉపవాసమైనా నీళ్లు తాగుతుంది.

"ఒసే, నీకొకటి సెప్పాల" అంది.

"చెప్పత్తా."

"నాను పేరెట్టి పిలిసీసినానే."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆ రోజు సంతలో జోరు వాన. నేస్తం జీపెక్కీసింది. సూస్తే తన గొడుగు నా గంప పక్కనే ఉండిపోయింది. 'నేస్తం, నేస్తం' అని అరిసినాను. సంతలో ఎంతమంది నేస్తాలో, అందరూ తిరిగి సూసినారు, తను సూడలేదు. జీపు కదిలిపోతన్నాది. అప్పుడు పేరెట్టి అరిసినాను. మూడుసార్లు." అత్త మూడు వేళ్లు చూపించింది. "తిరిగి సూసింది. గొడుగు అందుకుంది. ఏటీ అనలేదు. అదే ఆకరు. మరి రాలేదు."

"ఒక్క గొడుగు కోసం పిలిచావు కదా, దానికేనా ఆమె మానేసింది?"

"ఎందుకు మానేసిందో తెలిస్తే నానెందుకు ఈ కొండెక్కుతాను? కోపమైతే కోపమని సెప్పాల. పోయిందేమో అని కూడా అనుకున్నాను. పోతే నాను మైల పట్టాల కదా. ఆవిడ లేకుండా ఉంటే, అది తెలీక అక్కడ నాను తలకి నూనెట్టుకుని తిరుగుతంటే ఎలగ?"

ఆ రెండు నెలలూ అత్త తలకి నూనె పెట్టుకోలేదని అప్పుడు గమనించాను.

చేను కొండ నెత్తిన ఉంది. మంచె మీద సన్నగా పొడుగ్గా ఒకామె నిలబడి, ఖాళీ డబ్బా వాయిస్తూ చిలకల్ని తోలుతోంది. మమ్మల్ని చూసి చెయ్యి ఆపింది. అత్త గట్టు మీదే నిలబడిపోయింది, చేలోకి అడుగు పెట్టలేదు.

"నేస్తం" అంది అత్త.

చిలకలు మళ్లీ సామ మీద వాలాయి. ఆమె డబ్బాని మళ్లీ వాయించింది. అవి లేచిపోయాక కిందికి దిగి, అత్త కాళ్ల వైపు, రొప్పుతున్న ఒంటి వైపు చూసింది.

"ఎండలో నిలబడిపోయినావేటి? సేలోకి రా."

ఇద్దరూ మంచె నీడన కూర్చున్నారు. నేను కొంచెం ఎడంగా కూర్చున్నాను గానీ ప్రతి మాటా వినపడింది.

"పేరెట్టి పిలిసినాను" అంది అత్త.

"ఇన్నాను. సంతంతా ఇన్నాది."

"తప్పు సేసినాను."

"నువ్వు పిలిసిన వారానికే సంటిదానికి జొరం పట్టుకుంది. పిల్ల బతకదనుకున్నాం. సాలూరు ఆసుపత్రిలో పెట్టినాం. నేస్తం తెగిపోబట్టే వచ్చిందని మా కోడలు అన్నాది. మా ఇంటోళ్లు అన్నారు."

"నువ్వూ అన్నావేటి?"

"నానన్లేదు." ఆమె డబ్బాని ఒళ్లో పెట్టుకుని దాని అంచు గోటితో గీకుతూ ఉంది. "దోమ కుడితే జొరం వస్తాదని నాకు తెలీదేటి?"

"మరెందుకు రాలేదు? నాను అక్కడ సచ్చిపోతన్నాను."

"వస్తే నిన్ను సూస్తాను. నిన్ను సూస్తే నవ్వొచ్చేస్తాది నాకు. పిల్ల ఆసుపత్రిలో ఉంటే, సంతలో నాను నీతో నవ్వుతన్నానని ఎవులైనా సెప్తే మా కోడలికి ఎలగుంటాది? పిల్ల లేసి తిరిగాక వద్దామనుకున్నాను. ఈలోగా సామ కంకేసింది."

అత్త ఏడ్చింది. సుకిరమ్మ ఏడవలేదు. తన కొంగుతో అత్త మొహం తుడిచి, "సముద్రమోళ్లకి నీళ్లెక్కువ" అంది. అప్పుడు మాత్రం ఇద్దరూ నవ్వారు.

నేను ఆగలేక, ఇక్కడ చెట్లు ఎప్పుడూ ఎర్రబడవా అని ఆమెనడిగాను. చేను అంచున ఉన్న పెద్ద చెట్టుని చూపించింది. "పాల్గుణంలో రా. అది సిగురేస్తే మంటలాగ ఎర్రగా ఉంటాది." ముదిరిన ఆకు కాదా అంటే విచిత్రంగా చూసింది. "ముదిరిన ఆకు ఎండిపోద్ది. ఎర్రగా ఉండేది పుట్టిన ఆకు." నేను జంటల్ని నిలబెట్టే ఆ దేశంలో ఎర్రబడి రాలిపోతాయి. ఈ కొండ మీద ఎర్రగా పుడతాయట. తిరిగి వచ్చాక కూడా నాకు ఈ మాట వింతగానే ఉంది.

ఒకే ఆకులో

"మళ్లీ కట్టుకోవాల" అంది సుకిరమ్మ. "మా ఇంటోళ్ల ముందే కట్టుకోవాల. మా కోడలు సూడాల."

కాపలాకి వాళ్లాయన పైకి వచ్చాక ముగ్గురం ఊళ్లోకి దిగాం. సుకిరమ్మ దారిలో వలిసె పూలు రెండు గుప్పిళ్లు కోసింది. అత్త మూట విప్పి కోడలికి ఇచ్చింది. పెద్ద పెద్ద కానాగంతలు, రొయ్యలు, నెత్తళ్లు, అన్నీ ఏరి ఏరి ఎండబెట్టినవి. కోడలు తీసుకుని పొయ్యి మీద పెట్టింది.

నేస్తం తెగితే మళ్లీ కట్టే పద్ధతి ఏమిటో అప్పుడు తెలిసింది. ఒకరి తలలో ఒకరు పూలు పెట్టాలి. ఒకే ఆకులో, ఇంటివాళ్లు వండి పెట్టింది, పొద్దుండగానే కలిసి తినాలి. పొద్దు వాలితే ఆ రోజుకి కుదరదు, కోత అయ్యాక మళ్లీ మంచిరోజు చూడాలట.

నేను అత్త వైపు చూశాను. ఆ రోజు కార్తీక సోమవారం. కోడలు అడ్డాకు విస్తరిలో సామ అన్నం పెట్టి, దాని మీద ఎండు చేపల పులుసు పోసింది.

"అత్తా, నీ ఉపవాసం" అన్నాను మెల్లిగా.

సుకిరమ్మ విన్నది. చేయి వెనక్కి తీసుకుంది. "ఉపాసమేటి? అయ్యో, సెప్పలేదేటి నేస్తం? అలగైతే ఒద్దు. దేవుడి పని పాడుసెయ్యకూడదు. కోతయ్యాక సూద్దాం." ఆమె మాట నెమ్మదిగానే ఉంది. కోడలు మాత్రం మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఇదంతా తప్పించుకునే సాకు అనుకుంటోందని ఆమె కళ్లలో తెలుస్తూనే ఉంది.

అత్త విస్తరిని చూసింది. మామ తుఫానులోంచి తిరిగొచ్చిన ఏడాది నుంచి ఒక్క సోమవారం కూడా తప్పని మనిషి. ఆసుపత్రిలో ఆపరేషనైన ఏడాది కూడా, నర్సుని కిటికీ తెరవమని అడిగి నక్షత్రం చూశాకే గంజి తాగింది.

"శివుడికి నాను రేపు సెప్పుకుంటాను, ఆయనింటాడు" అంది అత్త. "ఈ ఇంట్లో మాత్రం ఇవాలే సెప్పుకోవాల."

పులుసన్నం కలిపి మొదటి ముద్ద సుకిరమ్మ నోట్లో పెట్టింది. రెండో ముద్ద తను తింది. "ఉప్పు తగ్గింది" అంది, నోరు నిండా అన్నంతో. సుకిరమ్మకి పొలమారింది. నవ్వుతూ దగ్గుతూ అత్త వీపు మీద ఒక్కటి వేసింది.

కోడలు లోపలికి వెళ్లింది. ఉప్పు తెస్తోందనుకున్నాను. చేతిలో ఉప్పూ ఉంది, చంకలో పాపా ఉంది. ఉప్పు విస్తరి పక్కన పెట్టి, పాపని అత్త ఒళ్లో కూర్చోబెట్టింది. అత్త ఎడం చేత్తో పాపని పొదువుకుని, కుడి చేత్తో తింటూనే ఉంది. పాప అత్త తలలోంచి ఒక వలిసె పువ్వు లాగి నోట్లో పెట్టుకుంటే కోడలే తీసేసి, "సేదుగుంటాదే" అంది. ఆ ఇంట్లో ఆమె మెత్తగా మాట్లాడగా నేను విన్న మొదటి మాట అది.

తర్వాత నాకు వేరే విస్తరి వేశారు. సామ అన్నం వరి అన్నంలా అతుక్కోదు, గింజ గింజగా జారుతుంది, పులుసంతా తాగేస్తుంది. మూడుసార్లు పెట్టించుకున్నాను. కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు అప్పుడిచ్చారు, తిన్నాక.

దిగిన రోజు

మర్నాడు పొద్దున్నే జీపు దాకా సుకిరమ్మ వచ్చింది. రెండు వెదురు గంపల నిండా పసుపు కొమ్ములు, అల్లం, ఒక సీసాలో వలిసె నూనె సర్ది ఇచ్చింది. అత్త ఒద్దంటే వినలేదు. సామ నూర్చాక సంతకి వస్తానంది సుకిరమ్మ. రాకపోతే మళ్లీ కొండెక్కుతానంది అత్త. "నువ్వు ఎక్కలేవు, రాయిని కౌగలించుకున్నావట కదా" అని సుకిరమ్మ అనేసరికి, ఆ మాట మోసింది నేనేనని అత్త నా వైపు కళ్లెర్ర చేసింది.

సాలూరులో బస్సెక్కితే ఈసారి కిటికీ పక్కన సీటు దొరికింది. అత్త చీర మోకాళ్ల దాకా వలిసె పుప్పొడితో పచ్చబడిపోయి ఉంది. తలలో పూలు వాడిపోయి వేలాడుతున్నాయి. దులుపుకోమన్నాను. వినిపించుకోలేదు. కండక్టరు వచ్చి ఆ చీర, ఆ గంపలు చూసి నవ్వాడు.

"ఎక్కడికెల్లొస్తన్నావమ్మా?"

"మా ఓళ్లింటికి."

"మీది సముద్రమొడ్డు మాట కదా, కొండ మీద మీ ఓళ్లున్నారేటి?"

"ఉన్నారు" అంది అత్త, జీరో టిక్కెట్టు మడిచి జాకెట్లో దోపుకుంటూ. "కొడుకు, కోడలు, మనవరాలు. మనవరాలికి జొరం తగ్గింది, నడుస్తన్నాది."